మీకు తెలుసా? బ్రూస్‌లీ బదులు పల్టీ కొట్టిందెవరో!

‘ఎంటర్ ది డ్రాగన్’ మొదలవగానే షావోలిన్ మఠం ఆవరణలో ఒక ఫైటు వస్తుంది. నల్ల చెడ్డీ, వేళ్లు బయటికి కనిపించే గ్లవ్స్‌తో బ్రూస్‌లీ ఒకవైపు, ఒళ్లు బొద్దుగా ఉన్నా చురుగ్గా కదిలే కుర్రాడు ఇంకోవైపు. ఆ బొద్దు కుర్రాడు సామో హంగ్. మధ్యలో బ్రూస్‌లీ గాల్లో వెనక్కి పల్టీ కొడతాడు చూడండి, ఆ పల్టీ మాత్రం ఆయనది కాదు, డూప్ యూన్ వాది. గుద్దులోనూ తన్నులోనూ బ్రూస్‌లీకి సాటి లేరు గానీ పల్టీలు ఆయన విద్య కాదు. అదే సినిమాలో నేలమాళిగ ఫైటులో గార్డులు గుంపుగా మీద పడుతుంటే, బ్రూస్‌లీ చేతిలో జుట్టు దొరికిపోయి మెడ విరిపించుకునే కుర్రాడు ఒకడుంటాడు. అతను జాకీ చాన్. అప్పటికి అతని పేరు ఎవరికీ తెలియదు.

ఎదురు నిలిచినవాడు, డూప్ వేసినవాడు, మెడ విరిగి పడినవాడు, ముగ్గురూ ఒకే బడిలో చదివారు. హాంకాంగ్‌లో యూ జిమ్ యూన్ అనే గురువు నడిపిన పెకింగ్ ఒపెరా బడి అది. పెకింగ్ ఒపెరా అంటే పాట, మాట, అభినయం, కత్తియుద్ధం, పల్టీలు అన్నీ కలిసిన చైనా రంగస్థల కళ. మన సురభి కుటుంబాల పిల్లలు స్టేజీ మీదే పెరిగినట్టు ఇక్కడి పిల్లలు బడిలోనే తిని, అక్కడే పడుకుని, తెల్లారకముందే లేచి శీర్షాసనాలు వేసేవారు. తప్పు చేస్తే బెత్తం. జాకీ చాన్‌ను తల్లిదండ్రులు ఏడేళ్ల వయసులో అక్కడ చేర్చి, పదేళ్లకు ఒప్పందం రాసిచ్చారు. శిష్యుల్లో చాలామంది స్టేజీ పేర్లు ‘యూన్’తో మొదలవుతాయి. యూన్ వా, యూన్ బియావ్, యూన్ క్వాయ్... జాకీ చాన్ కూడా ఒకప్పుడు యూన్ లో.

డెబ్బైల నాటికి ఒపెరాకు జనం తగ్గారు. చదువు లేని, ఒంట్లో ఎముకలు లేనట్టు వంగే ఈ పిల్లలకు సినిమా ఫైట్లు తప్ప దారి లేకపోయింది. ఒపెరాకు అది నష్టమే, కానీ సినిమాకు అంతకు మించిన అదృష్టం మళ్లీ పట్టలేదు. 1988లో ‘పెయింటెడ్ ఫేసెస్’ అని ఆ బడి మీదే ఒక సినిమా వచ్చింది. అందులో ఆ కఠిన గురువు వేషం వేసింది ఎవరో కాదు, ఆయన చేతి దెబ్బలు తిన్న సామో హంగే. ఇక 2004లో వచ్చిన ‘కుంగ్‌ఫూ హజిల్’ చూసినవారు నైట్‌డ్రెస్సులో, తలకు రోలర్లు చుట్టుకుని, నోట్లో సిగరెట్టుతో అరిచే ఇంటి ఓనరమ్మను మరచిపోరు. ఆమె యూన్ చ్యూ, మొగుడి వేషం యూన్ వాది. ఇద్దరూ ఆ బడివారే. బ్రూస్‌లీకి డూప్ వేసిన ముప్పై ఏళ్ల తర్వాత యూన్ వాకు కొత్త తరం చప్పట్లు కొట్టింది.

తలుపు పగలగొట్టుకుని పడింది కూడా జాకీయే

‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ (1972) చివర్లో బ్రూస్‌లీ తన్నిన తన్నుకు జపాన్ విలన్ సుజుకి కాగితపు తలుపులు చీల్చుకుంటూ తోటలోకి ఎగిరి పడతాడు. ఆ పడిన దేహం జాకీ చాన్‌ది. సుజుకి వేషం వేసిన రికి హషిమోతో అంతకుముందు జపాన్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాడు. విలన్ ఆట మైదానం నుంచి, అతని డూప్ ఒపెరా బడి నుంచి వస్తే, హీరో బ్రూస్‌లీ 1958లో హాంకాంగ్ ఛా-ఛా డాన్సు పోటీ గెలిచినవాడు! ఆయన ఫైట్లలో అడుగులు గమనిస్తే ఆ డాన్సు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

ఇనుప గోళ్ల విలన్ గొంతు ఎవరిది?

‘ఎంటర్ ది డ్రాగన్’ విలన్ హాన్, అద్దాల గదిలో ఇనుప గోళ్ల చేతితో తిరిగేవాడు, షెక్ కిన్. షూటింగ్ నాటికి ఆయన వయసు అరవైకి అటూ ఇటూ. ఇంగ్లిషు రాదు. తెర మీద వినిపించే గొంతు కీ లూక్ అనే మరో నటుడిది. ఆ గొంతుకు ఇచ్చిన మార్కులు ముఖానికీ ఇవ్వాలి. డైలాగు తనది కాకపోయినా ఆ కళ్లలో ఉన్న చల్లదనం తనదే. హాంకాంగ్ జనానికి ఆయన అప్పటికే ఇరవై ఏళ్లుగా తెలిసిన దుర్మార్గుడు. ఎవరి సినిమాల్లోనో తెలియాలంటే కిందికి రండి.

ఒకే ఏడాది ఇరవై ఐదు సినిమాలు

వాంగ్ ఫే హంగ్ నిజమైన మనిషి. 1847లో పుట్టి 1925లో పోయాడు. దక్షిణ చైనాలోని ఫోషాన్ ప్రాంతం వాడు. వైద్యుడు, కుంగ్‌ఫూ గురువు. 1949లో క్వాన్ తక్ హింగ్ అనే నటుడు ఆయన వేషం కట్టాడు. అక్కడినుంచి ఆయన అదే వేషంలో డెబ్బైకి పైగా సినిమాలు చేశాడు. 1956 ఒక్క సంవత్సరంలోనే ఇరవై ఐదు వాంగ్ ఫే హంగ్ సినిమాలు వచ్చాయి! నెలకు రెండు పైచిలుకు. మన ఎన్టీఆర్ కృష్ణుడిగా ఎన్నిసార్లు కనిపించినా ఈ లెక్క దగ్గరికి రావడం కష్టం. ఆ సినిమాల్లో వాంగ్ ఫే హంగ్‌ను మళ్లీ మళ్లీ ఎదిరించి, మళ్లీ మళ్లీ ఓడిపోయిన విలనే షెక్ కిన్.

అసలు తమాషా గురుపరంపరలో ఉంది. వాంగ్ ఫే హంగ్ శిష్యుడు లామ్ సాయ్ వింగ్, పంది మాంసం కొట్టు నడిపినవాడు. లామ్ శిష్యుడు లావ్ చామ్. ఈ లావ్ చామ్ క్వాన్ తక్ హింగ్ సినిమాల్లో నటించాడు, అదీ తన సొంత గురువు లామ్ సాయ్ వింగ్ పాత్రలో. ఆయన కొడుకు లావ్ కార్ లియుంగ్ ఆ సినిమాల్లోనే చిన్న వేషాలు వేసుకుంటూ, ఫైట్లు కంపోజ్ చేయడం నేర్చుకుని, తర్వాత షా బ్రదర్స్ స్టూడియోలో ఫైట్ మాస్టరై, చివరికి డైరెక్టరయ్యాడు. అంటే తెర మీద ఆయన చూపించిన హంగ్ గార్ శైలి కుంగ్‌ఫూ పట్లు పుస్తకంలో చదివినవి కావు. కథానాయకుడి నుంచి మూడు చేతులు మారి తన చేతికి వచ్చినవి. ప్రపంచంలో ఇంకే సినిమా జానర్‌కూ ఇలాంటి వంశవృక్షం ఉన్నట్టు లేదు.

ఆ పంది మాంసం కొట్టు శిష్యుడి మీద సామో హంగ్ హీరోగా 1979లో ‘మాగ్నిఫిసెంట్ బుచర్’ వచ్చింది. అందులో వాంగ్ ఫే హంగ్‌గా మళ్లీ ముసలి క్వాన్ తక్ హింగే. ఆయన కుంచెతో అక్షరాలు రాస్తుంటే పగవాడు వచ్చి రాయనివ్వకుండా దెబ్బలాడతాడు. ఈయన ఒకచేత్తో దెబ్బలు కాచుకుంటూ, మరోచేత్తో రాత పూర్తి చేస్తాడు. సిరా ఒలకదు, కుంచె తొణకదు. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని ఫైటు ఇది. డెబ్బై దాటిన మనిషి, పెద్దగా ఎగిరిందీ లేదు, దూకిందీ లేదు. మర్యాద తప్పకుండా కొట్టడం ఎలాగో చూపిస్తాడు, అంతే.

సినిమాలో సగం ట్రైనింగే

ఇంటర్వెల్ ముందు హీరో ఒక పాటలో కండలు పెంచేసి విలన్ మీదికి బయల్దేరే సినిమాలు మనకు అలవాటు. 1978లో లావ్ కార్ లియుంగ్ తీసిన ‘థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’లో దాదాపు సగం సినిమా శిక్షణే. హీరో సాన్ తే మంచూ సైనికుల నుంచి తప్పించుకుని మఠానికి వస్తాడు. అక్కడ ముప్పై ఐదు శిక్షణ గదులు, ముప్పై ఆరోది సినిమా చివర్లో. అన్నిటికన్నా పై గదిలో నేరుగా చేరదామని ఉబలాటపడి, లోపల జరిగేది ఒక్క ముక్క అర్థంకాక, సిగ్గుపడి కింది నుంచి మొదలుపెడతాడు.

మొదటి పరీక్ష అన్నం. భోజనశాలకు ముందు నీటి గుంట, అందులో తేలే దుంగల కట్ట. దాని మీద కాలు పెట్టి దాటాలి, పడితే తడిబట్టలతో ఆకలి. తర్వాత నీళ్ల బకెట్లు చేతులు చాపి మోయాలి. భుజాల కింద కత్తులు కట్టి ఉంటాయి, చేతులు దించితే తమకే గుచ్చుకుంటాయి. పొడుగాటి కర్ర చివర బరువైన సుత్తితో గంట కొట్టి మణికట్టు గట్టిపరచుకోవాలి. తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పి వెలుగును వెంబడించాలి. వేలాడే ఇసుక మూటలను నుదుటితో గుద్దుకుంటూ వెళ్లి బుద్ధుడికి ధూపం వేయాలి. వీటిలో ఏ ఒక్కటీ గాల్లో తేలే అద్భుతం కాదు. ప్రతి గదిలోనూ వాడు ముందు ఓడిపోతాడు, తర్వాత ఒక చిన్న కిటుకు కనిపెడతాడు, అప్పుడు నెగ్గుతాడు. ఆ కిటుకు కోసం మనమూ వాడితోపాటు బుర్ర గోక్కుంటాం. సినిమా పట్టు అక్కడుంది.

చివరికి జంట కత్తుల సన్యాసి చేతిలో పదేపదే ఓడిన సాన్ తే, వెదురు తోటలో ఆలోచిస్తూ మూడు ముక్కల కర్రను తయారుచేస్తాడు. ఆ జంట కత్తుల సన్యాసి లీ హోయ్ సాన్. పైన చెప్పిన రాత ఫైటులో క్వాన్ తక్ హింగ్‌ను రాయనివ్వని పగవాడూ ఆయనే. గుండు మెరుస్తుంటే గుర్తుపట్టేయొచ్చు.

సాన్ తేగా వేసిన గోర్డన్ లియూ, లావ్ కార్ లియుంగ్‌కు తమ్ముడని చాలామంది అనుకుంటారు. రక్తసంబంధం లేదు. లావ్ చామ్ దగ్గర విద్య నేర్చుకుని ఆ ఇంటి పేరు పెట్టుకున్నాడు. అమెరికాలో వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం 1993లో తెచ్చిన తొలి ఆల్బమ్ పేరులో ఈ ముప్పై ఆరు గదులను చేర్చుకుంది. ‘కిల్ బిల్’ రెండు భాగాల్లో గోర్డన్ లియూ రెండు వేర్వేరు వేషాలు వేశాడు. మొదటి దాంట్లో ముసుగు సైన్యానికి నాయకుడు, రెండో దాంట్లో తెల్ల గడ్డం గురువు పై మే.

ఎవరూ చావని యుద్ధం, ఎవరికీ కనపడని యుద్ధం

లావ్ కార్ లియుంగ్ 1978లోనే తీసిన ‘హీరోస్ ఆఫ్ ది ఈస్ట్’ మొగుడూ పెళ్లాల తగువు. చైనా భర్త, జపాన్ భార్య. ఎవరి దేశపు యుద్ధవిద్య గొప్పదని మాటామాటా పెరిగి ఆమె పుట్టింటికి వెళ్లిపోతుంది. జపాన్ నుంచి ఏడుగురు నిపుణులు వచ్చి అల్లుణ్ని ఒక్కొక్కరే సవాలు చేస్తారు. కత్తి, ఈటె, కరాటే, నింజా విద్య ఒక్కొక్కటే వస్తాయి. సినిమా మొత్తంలో ఒక్కరూ చావరు. హాంకాంగ్ సినిమాల్లో జపాన్‌వాడు కనిపిస్తే చంపాల్సిందే అన్న రోజుల్లో ఓడినవాడికి నమస్కారం పెట్టించిన సినిమా అది.

1979లో వచ్చిన ‘డర్టీ హో’ అంతకంటే గడుసుది. గోర్డన్ లియూ అందులో మారువేషంలో తిరిగే రాకుమారుడు. ఒక పెద్దమనిషి ఆయన్ను మద్యం రుచి చూడమని పిలుస్తాడు. పోసేవాడు, అందుకునేవాడు, మెచ్చుకునేవాడు అంతా చిరునవ్వులే. కానీ గ్లాసు అందించే చెయ్యి గొంతు పట్టుకోబోతుంది, అందుకునే చెయ్యి దాన్ని మెలిపెడుతుంది, బల్ల కింద కాళ్లు వేరే కొట్లాడుకుంటాయి. మాటల్లో మాత్రం మద్యం ఏ ఊరిది, ఎన్నేళ్లది అన్న చర్చ సాగుతూనే ఉంటుంది. పక్కనున్న శిష్యుడికి అక్కడ ఫైటు జరుగుతోందనే తెలియదు. కుంగ్‌ఫూ సినిమాల్లో అత్యుత్తమ ఫైటు ఏదంటే బ్రూస్‌లీ అభిమానులు కొలోసియం ఫైటు అంటారు, జాకీ అభిమానులు ‘పోలీస్ స్టోరీ’ షాపింగ్ మాల్ ఫైటు అంటారు. నా ఓటు ఈ గ్లాసుకే.

కుంగ్‌ఫూ రాని దర్శకుడు, పోరాటం తెలియని నాయిక

1966లో ‘కమ్ డ్రింక్ విత్ మీ’ తీసిన కింగ్ హు తనకు కుంగ్‌ఫూ రాదని దాచుకోలేదు. తన సినిమాల్లోవి పెకింగ్ ఒపెరా నుంచి వచ్చిన నాట్యాలని చెప్పుకునేవాడు. అందుకే నాయికగా పోరాటం తెలిసిన అమ్మాయిని కాక, డాన్సు నేర్చుకున్న చెంగ్ పే పేని తీసుకున్నాడు. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు. సత్రంలో చుట్టూ దొంగలు కాచుకుని ఉంటే ఆమె కదలకుండా కూర్చుని ఉండే నిమిషాలే కత్తి తీసిన క్షణం కంటే బిగువుగా ఉంటాయి. 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో జేడ్ ఫాక్స్ అనే విలన్ వేషం ఆమెదే. 2024లో కన్నుమూసింది.

కింగ్ హు తీసిన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ మూడు గంటల సినిమా. వెదురు వనం ఫైటు దాని ప్రాణం. ఎత్తైన వెదుళ్ల నుంచి మనుషులు నిట్టనిలువుగా కత్తితో దూకుతారు. అందులో వాడింది ట్రాంపొలిన్లు, మరీ చిన్న చిన్న ముక్కలుగా చేసిన ఎడిటింగ్. 1975లో కాన్స్ ఉత్సవంలో సాంకేతిక పురస్కారం పొందింది. కింగ్ హుకి ఫైట్లు కంపోజ్ చేసిన హాన్ యింగ్ చియే కూడా ఒపెరా మనిషే. బ్రూస్‌లీ తొలి పెద్ద హిట్ ‘ది బిగ్ బాస్’ (1971)లో ఆ బిగ్ బాస్ ఆయనే!

చిటికెలో కొన్ని

● ‘డ్రంకెన్ మాస్టర్’ (1978)లో ముక్కు ఎర్రబడిన తాగుబోతు గురువు యూన్ సియు తిన్, ఆ సినిమా డైరెక్టర్ యూన్ వూ పింగ్‌కు కన్నతండ్రి. కొడుకు తర్వాత ‘ది మాట్రిక్స్’ ఫైట్లు కంపోజ్ చేశాడు.

● 1994 నాటి ‘డ్రంకెన్ మాస్టర్ 2’లో కుర్ర వాంగ్ ఫే హంగ్‌గా వేసిన జాకీ చాన్‌కు అప్పటికి దాదాపు నలభై. తండ్రిగా వేసిన టి లుంగ్ అతనికంటే దాదాపు ఎనిమిదేళ్లు పెద్ద, సవతి తల్లిగా వేసిన అనితా ముయ్ తొమ్మిదేళ్లు చిన్న. చివరి ఫైటులో కాళ్లతో ఊపిరి ఆడనివ్వని విలన్ కెన్ లో నిజజీవితంలో జాకీ బాడీగార్డుగా పనిచేసినవాడు.

● ‘వీల్స్ ఆన్ మీల్స్’ (1984)లో స్పెయిన్ కోటలో జాకీతో తలపడిన బెన్నీ ఉర్కిడెజ్ అసలు కిక్‌బాక్సింగ్ ఛాంపియన్. ఆయన తిప్పి తన్నిన కాలి గాలికి బల్ల మీద కొవ్వొత్తులు ఆరిపోతాయి.

● ‘పోలీస్ స్టోరీ’ (1985) మాల్ ఫైటులో పగిలిన అద్దాల లెక్క చూసి యూనిట్ వాళ్లు దాన్ని ‘గ్లాస్ స్టోరీ’ అని పిలిచారు.

● దెబ్బ పడగానే చొక్కా మీంచి దుమ్ము లేస్తుందే, అది ఊరికే లేచింది కాదు. దెబ్బ బరువు కంటికి కనిపించాలని ముందే బట్టల మీద పొడి చల్లుతారు. గుద్దు చప్పుడు సరే, అప్పట్లో మాటలు కూడా తర్వాత డబ్బింగులోనే.

సగంలో మాయమైన తమ్ముడు

‘ఎయిట్ డయాగ్రమ్ పోల్ ఫైటర్’ (1984) చూస్తే ఒక సందేహం వస్తుంది. యాంగ్ వంశపు అన్నదమ్ముల్లో యుద్ధం నుంచి బతికి బయటపడినవారు ఇద్దరు. ఒకడు మఠంలో చేరతాడు. రెండోవాడు ఇంటికి చేరి, మతిపోయి, ఉన్నట్టుండి కథలోంచి మాయమైపోతాడు. ఆ పాత్రధారి ఫూ షెంగ్ 1983 జూలైలో, సినిమా ఇంకా పూర్తికాకుండానే కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు ఇరవై ఎనిమిది. కథ మార్చి, భారమంతా గోర్డన్ లియూ మీద పెట్టారు. లావ్ కార్ లియుంగ్ సినిమాల్లో ఇంత చీకటి మరెందులోనూ లేదు. శవపేటికల గుట్ట మీద జరిగే చివరి ఫైటులో సన్యాసులు శత్రువులను చంపరు, వాళ్ల పళ్లు ఊడబీకుతారు. మఠంలో చెక్క తోడేలు బొమ్మల మీద వాళ్లు నేర్చుకున్న విద్య అది.

మనవైపు

తెలుగులో సుమన్, భానుచందర్ కరాటే తెలిసిన హీరోలుగానే పేరు తెచ్చుకున్నారు. 2015లో రామ్‌చరణ్ ‘బ్రూస్‌లీ’ అనే సినిమాలో వేసింది డూప్ వేషమే. యూన్ వా వింటే సంతోషిస్తాడు. బ్రూస్‌లీ భక్తుడైన రామ్‌గోపాల్ వర్మ 2022లో ‘అమ్మాయి’ పేరుతో ఒక అమ్మాయిని బ్రూస్‌లీ బాటలో దించాడు. అయితే మన ఫైట్లలో దెబ్బ తగిలే క్షణానికి కెమెరా ముఖం దగ్గరికి వెళ్లిపోతుంది, కాళ్లు ఫ్రేములో ఉండవు. పాత హాంకాంగ్‌వాళ్లు కెమెరాను దూరంగా నిలబెట్టి తలనుంచి పాదం దాకా చూపించారంటే, చూపించడానికి వాళ్ల దగ్గర అంత విద్య ఉంది.

ఇవేవీ చూడనివారు ‘థర్టీ సిక్స్త్ ఛాంబర్’తో మొదలుపెట్టండి. రెండోది ‘మాగ్నిఫిసెంట్ బుచర్’. వీలైతే ఇంగ్లిషు డబ్బింగు మానేసి, చైనా భాషలోనే సబ్‌టైటిల్స్‌తో చూడండి. ‘ఎంటర్ ది డ్రాగన్’ మీరెలాగూ చూసే ఉంటారు. ఈసారి మొదటి ఫైటులో పల్టీ దగ్గర ఆపి, ముఖం కనిపిస్తుందేమో వెతకండి.